జాతర తిట్లలో నేను కలిపిన మాట

మా వీధిలో ఆటో నడిపే ఒకాయన ఏటా గంగ జాతరకి బండ వేషం వేస్తాడు. చిన్నప్పుడు ఆయనకి జబ్బు చేస్తే వాళ్ళమ్మ మొక్కుకుందట. ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, వేపమండ చేతబట్టుకుని, అమ్మవారి గుడికి చేరేదాకా దారిలో ఎదురైన వాళ్ళనందరినీ తిడతాడు. తిట్టాలి. అది మొక్కులో భాగం. తిట్లు పడినవాళ్ళు కోపం తెచ్చుకోకూడదు, ఎదురు తిట్టకూడదు. పడితే మంచిదని కావాలని వచ్చి ఎదురుగా నిలబడే వాళ్ళు కూడా ఉన్నారు. తిరుపతికి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది అర్థం కావడానికి ఒక ఏడాది పడుతుంది. రిటైరయ్యాక చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మొదటి ఏడు, మా గేటు దగ్గరే ఒక వేషగాడు నన్ను ఇక్కడ రాయలేని మాటతో పలకరించాడు. ఆ రోజు డైరీలో 'ఉదయం ఏడుంబావుకి ఒక తిట్టు' అని రాసుకుని ఊరుకున్నాను.

రెండేళ్ళ కిందట జాతరకి పది రోజుల ముందు ఆటో ఆయన మా ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. విషయం చెప్పడానికి కొంచెం ఇబ్బంది పడ్డాడు. తన తిట్లు పాతబడిపోయాయట. పోయిన ఏడు ఎవరూ నవ్వలేదట.

"నేను నోరు తెరస్తానే పిల్లోళ్ళు నాకంటే ముందే చెప్పేస్తాండారు సార్. మీరు దినామూ ఏందో ఒకటి రాస్తానే ఉంటారు గదా. నాకో నాలుగు కొత్తవి రాసియ్యండి" అన్నాడు.

బూతులు రాసే అలవాటు నాకు లేదన్నాను. తెలియవని మాత్రం అనలేదు.

"బూతులు నేనేసుకుంటా సార్. సరుకు మీరియ్యండి."

నా సరుకు గురించి ఒక మాట చెప్పాలి. నేను నీటిపారుదల శాఖలో పనిచేశాను. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి వానకొలత గొట్టం చూసి, ఎన్ని మిల్లీమీటర్లు పడిందో రిజిస్టరులో ఎక్కించడం నా మొదటి ఉద్యోగం. చిత్తూరు జిల్లాలో ఆ ఉద్యోగం అంటే ఎక్కువగా సున్నాలు వేయడమే. ఏడాదిలో మూడొందల రోజులు సున్నా వేసిన మనిషికి సాయంత్రం ఇంటికి వచ్చాక ఇంకేదైనా రాయాలనిపిస్తుంది. అట్లా డైరీ మొదలైంది. అప్పటి నుంచి ఒక్కరోజు కూడా మానలేదు. కనిపించింది కనిపించినట్టు, టైముతో సహా రాస్తాను. తిరుపతికి వచ్చాక వానకి బదులు వీధి దొరికింది. వీధిలో సున్నాలు తక్కువ.

అందుకని ఆటో ఆయన అడిగిన పని నాకు కష్టమేమీ కాలేదు. ముందుగా కొన్ని నియమాలు పెట్టుకున్నాను. శరీరభాగాల జోలికి పోకూడదు. కులం ఎత్తకూడదు. ఇంట్లో ఆడవాళ్ళని లాగకూడదు. చనిపోయినవాళ్ళని లేపకూడదు. జాతర తిట్లలో ఇవన్నీ తీసేస్తే ఏమీ మిగలదనుకుంటారు. మిగిలింది. మనుషులు చేసిన పనులు మిగిలాయి. అవి నా డైరీల్లో తేదీల వారీగా ఉన్నాయి.

నాలుగు ఎంచుకున్నాను. కరెంటు స్తంభానికి బట్టల తాడు కట్టిన ఇంటాయన ఒకరు. పార్కులో ధ్యానమని కూర్చుని గురక పెట్టే రిటైర్డు మేష్టారు ఒకరు. పక్కింటి నిచ్చెన తెచ్చుకుని పదకొండు నెలలుగా తిరిగివ్వని పెద్దమనిషి ఒకరు. నాలుగో ఆయన వీధి మొదట్లో మంచినీళ్ళ ప్లాంటు నడిపే ఆయన. మిషనులో శుద్ధిచేసిన నీళ్ళని ఇరవై లీటర్ల క్యాన్లలో నింపి, తోపుడు బండిలో పెట్టుకుని ఇంటింటికీ వేస్తాడు. ఆయన గురించి డైరీలో ఉన్నది ఇంతే: 'ఉ. 6.15. ప్లాంటు ముందర మున్సిపాలిటీ కొళాయి దగ్గర ఓనరు ఆరు క్యాన్లు పడుతున్నాడు.'

దాన్ని తిట్టుగా మార్చి వసారాలో నడుస్తూ పైకి చదువుకున్నాను. 'ఆరుంబావుకి కొళాయి కాడ కూసోని ఆరు క్యాన్లు పట్టేవాడా' అంటే తిట్టు నిలబడలేదు. తోక తెగినట్టుంది. రెండోసారి చదివినా అంతే. మూడోసారి దానంతట అదే నోట్లోకి వచ్చింది: 'ఆరుంబావుకి కొళాయి కాడ కూసోని, ఆరు క్యాన్లు పట్టి, మిషను నీళ్ళని అమ్మేవాడా!' బాగుందనిపించింది. నేను రాసిన వాక్యం నాకే బాగుందనిపించడం జీవితంలో రెండోసారో మూడోసారో. మొదటిసారి ఎప్పుడో కూడా గుర్తులేదు. కాగితం మీద చక్కగా రాసి ఇచ్చాను. అమ్మడం నేను చూడలేదన్న విషయం నాకు తెలుసు. అయినా అప్పుడది పెద్ద విషయంగా తోచలేదు. జాతర తిట్టు గదా అనుకున్నాను.

జాతర రోజు మిద్దె మీద నిలబడి చూశాను. ఆటో ఆయన బాగా కంఠస్థం చేశాడు. బట్టల తాడుకి జనం నవ్వారు. గురకకి ఇంకా నవ్వారు, మేష్టారు కూడా నవ్వారు. నిచ్చెనకి చప్పట్లు కొట్టారు. నాలుగోది చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. చివర్లో ఆయన సొంతంగా ఒక పెద్ద బూతు కూడా కలిపాడు గాని దాన్ని ఎవరూ విన్నట్టు లేదు. గుంపులో ఎవరో "ఔనా?" అన్నారు. ఆ 'ఔనా' వీధి చివరిదాకా పోవడం నాకు పైనుంచి కనిపించింది.

ఇప్పుడు ఆలోచిస్తే విషయం సులభంగానే అర్థమవుతుంది. బూతు అందరికీ వర్తిస్తుంది కాబట్టి ఎవరికీ తగలదు. ఆ వేషానికి పెద్దలు బూతులే ఎందుకు పెట్టారో నేను ఆలోచించలేదు. నేను వాటిని తీసేసి, ఆ చోట టైమూ సంఖ్యా పెట్టాను. ఆరుంబావు ఒక్కడికే వర్తిస్తుంది.

సాయంత్రానికి ప్లాంటు ముందు ఖాళీ క్యాన్లు కుప్పపడ్డాయి. ఎవరింటి క్యాన్లు వాళ్ళు తెచ్చి పెట్టి పోయారు. కొందరు పెట్టలేదు, విసిరారు. మూడు పగిలాయి. అదే సాయంత్రం ఆ పెద్దమనిషి నిచ్చెన భుజాన వేసుకుని వచ్చి పక్కింటి గోడకి ఆనించి పోయాడు. దాని గురించి డైరీలో రాశాను: 'నిచ్చెన తిరిగి వచ్చింది. రాత వల్ల ప్రయోజనం ఉంది.' క్యాన్ల గురించి ఆ పేజీలో రాయలేదు.

మర్నాడు నా భార్య మా ఇంటి రెండు క్యాన్లు గేటు బయట పెట్టి, నీళ్ళాయన బండి తోసుకుంటూ వచ్చినప్పుడు, "రేపట్నుంచి మాకొద్దులే నాయనా" అని చెప్పింది. ఆ తిట్టు రాసింది నేనని ఆమెకి తెలియదు. జాతరలో అన్నమాట పట్టుకోవడం న్యాయం కాదన్నాను.

"ఊరికే అంటారా ఎవరన్నా, టైముతో సహా?" అంది.

నేను సాంబారు పోసుకున్నాను.

ఇటువంటి విషయాల్లో నాకు ముందునుంచీ ఒక అభిప్రాయం ఉంది. రాసేవాడికి స్వేచ్ఛ ఉండాలి. చదివినవాడు రాయి తీసుకుంటే ఆ రాయికి చదివినవాడే జవాబు చెప్పాలి. వృద్ధుల సంఘంలో దీనిమీద ఒకసారి పన్నెండు నిమిషాలు మాట్లాడాను కూడా. 'పాఠకుడికి బుర్ర లేదనుకోవడమే పాఠకుణ్ణి అవమానించడం' అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. అందుకని ఇప్పుడు కూడా డైరీలో మూడు వాక్యాలు రాసుకున్నాను. రాసింది నేను. అరిచింది ఆయన. క్యాన్లు విసిరింది వాళ్ళు. మూడూ నిజమే. మూడిట్లో నా వాక్యమే చిన్నదిగా ఉందని కొంత ఊరట కలిగింది. కాని నిచ్చెన ఒకటి అడ్డం వచ్చింది. చదివినవాడిదే బాధ్యత అయితే, నిచ్చెన తిరిగొచ్చిన ఘనత కూడా నాది కాకూడదు. అది నాదేనని నిన్నటి పేజీలో ఇంకుతో రాసేసుకున్నాను. నేను డైరీలో కొట్టివేతలు చెయ్యను.

నాలుగో రోజు టీ అంగడిలో ఒక మాట విన్నాను. ప్లాంటులో మోటారు రెండు రోజులుగా ఆడటం లేదట. ఇంకో వారం ఇట్లాగే ఉంటే మిషను అమ్మేసి, మొగుడూ పెళ్ళాం సత్యవేడులో వాళ్ళ అన్న చేలోకి పనికి పోతారట. చెప్పినాయన అయ్యో అని కూడా అన్నాడు. ఆయన ఇంటి క్యాన్ ఎక్కడుందని నేను అడగలేదు.

ఆ మధ్యాహ్నం ప్లాంటుకి పోయాను. షట్టరు సగం దించి ఉంది. లోపల ఆయన భార్య తిరిగొచ్చిన క్యాన్లని ఒక్కొక్కటిగా తుడిచి గోడకి పేరుస్తోంది. ఆయన నన్ను చూసి లేచి స్టూలు జరిపాడు. ఏం చెప్పాలో తయారుచేసుకునే పోయాను గాని ఆయనే ముందు మాట్లాడాడు.

"ఆటో వాణ్ణి నేనేమీ అనలా సార్. వాడు ఏడైతేగానీ లేవడు. ఆరుంబావని వానికెట్ల తెలుస్తాది? ఈ వీధిలో గడియారం చూసి నడిచేది మీరొక్కరే."

నేను కాదనలేదు. క్యాన్లు కొళాయి దగ్గర పట్టడం చూశానన్నాను.

"పడతా సార్. దినామూ పడతా. క్యాన్లు కడిగేది ఆ నీళ్ళతోనే. మిషను నీళ్ళతో కడిగితే నాకేం మిగుల్తాది? పట్టి, తొలిచి, కాలవలో పోస్తా. మళ్ళా లోపల మిషను నీళ్ళతో ఇంకోసారి తొలిచి నింపుతా. మీరు ఇంకో రెండు నిమిషాలు నిలబడుంటే పారబోసేది గూడా చూసుందురు."

ఆరూ ఇరవైకి నేను పాల అంగడి దగ్గర ఉండాలన్నాను. అది సమాధానం కాదని అన్న తర్వాత తెలిసింది. ఆయన భార్య తుడిచేది ఆపి నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

సవరణ రాస్తానని మాట ఇచ్చి వచ్చాను. ఆ పని నాకు వచ్చు. తెల్ల కాగితం మీద మూడు పేరాలు రాశాను. క్యాన్లు కడిగే పద్ధతి, కొళాయి నీళ్ళ ఉపయోగం, మిషను నీళ్ళ ఉపయోగం అన్నీ వరసగా వివరించాను. కింద 'ప్రత్యక్షసాక్షి' అని పెట్టాను. పేరు పెట్టలేదు. సవరణకి కావలసింది విషయం గాని పేరు కాదని నాకు నేనే చెప్పుకున్నాను. టీ అంగడి గోడకి అంటించి ఒక గంట అక్కడే కూర్చున్నాను. ఇద్దరు చదివారు. ఒకాయన మొదటి పేరా దగ్గరే ఆగి, "నీళ్ళాయన కాగితాలు గూడా అంటిస్తాండాడే" అన్నాడు. రెండో ఆయన, "భయపడినాడబ్బా, భయం లేకుంటే ఇంత రాస్తాడా?" అన్నాడు. మర్నాటికి దాని మీద ఎవరో ట్యూషన్ల కాగితం అంటించారు.

అప్పుడు ఆటో ఆయన దగ్గరికి పోయాను. అలిపిరి ట్రిప్పు వేసుకొచ్చి ఆటో తుడుచుకుంటున్నాడు. తిట్టింది తప్పని వీధిలో ఒకసారి చెప్పమన్నాను. ఆయన గుడ్డ పిండి అద్దానికి ఆరేశాడు.

"వేషం తీసేసినా సార్. కుంకం కడుక్కున్నాక ఆ నోరు నాది గాదు. వేషంలో అన్నమాటకి లెక్క లేదు. నాకూ లేదు, మీకూ లేదు."

మరి మీ ఇంటికి క్యాన్ ఎవరేస్తున్నారని అడిగాను.

"మా అత్తోళ్ళ వీధి నించి తెచ్చుకుంటాండా సార్" అన్నాడు.

"ఎందుకు?"

"ఏమో సార్. ఆ మాట విన్నాక తాగబుద్ధి కాలా."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని, దాన్ని రాసినవాణ్ణి ఎదురుగా పెట్టుకుని మాట్లాడుతున్నానని ఆయనకి గుర్తున్నట్టే ఉంది. అయినా తాగబుద్ధి కాలేదు.

నీళ్ళాయన నా కాగితం చూశాడట. మా గేటు దగ్గరికే వచ్చి చెప్పాడు. "పేరు లేకుండా రాస్తే నేనే రాయించినాననుకుంటారు సార్. రాసింది చాలు. రేపు నా బండెంట రండి. ఇంటింటికీ మీ నోటితోనే చెప్పండి." గట్టిగా అనలేదు. వద్దనే వీలు ఇచ్చినట్టే అన్నాడు. వస్తానన్నాను.

పోయే ముందు ఇంట్లో చెప్పడం పద్ధతి. నా భార్య చిక్కుడుకాయలు వొలుస్తోంది. చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది.

"ఆ 'అమ్మేవాడా' మీరు రాసిందా?"

"ఔను."

"అమ్మేది చూసినారా?"

"లేదు."

"నాలుగు రోజులుగా నేను ఎంతమందికి చెప్పినానో మీకేమన్నా తెలుసునా? మా చెల్లెలికి ఫోను చేసి గూడా చెప్పినాను. మీ అబద్ధం నాతో మోయించినారు గదా" అంది. కాయలు పక్కన పెట్టి పోయి చెల్లెలికి ఫోను చేసింది. మా పెళ్ళయ్యాక నా రాతని ఆమె అంత శ్రద్ధగా పట్టించుకున్నది అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున నీళ్ళాయన బండి వెనక నడిచాను. చెప్పవలసింది ముందే కుదించుకున్నాను. "కొళాయి దగ్గర నీళ్ళు పట్టడం చూశాను. అమ్మడం చూడలేదు. ఆ మాట నేను కలిపాను. ఆ నీళ్ళు క్యాన్లు కడగడానికి." మొదటి గుమ్మం దగ్గర ఇదే చెప్పాను. అది నిచ్చెన తిరిగిచ్చిన ఆయన ఇల్లు. ఆయన లుంగీ సర్దుకుంటూ విని, నన్ను ఓదార్చాడు.

"అయ్యో, జాతర మాట ఎవరు పట్టించుకుంటారు సార్? దానికోసరం మానుకోలా. మేము ఫిల్టరు పెట్టించుకోవాలని ఎప్పట్నుంచో అనుకుంటాండాం."

ఫిల్టరు పెట్టించారా అని అడిగితే, అనుకుంటున్నామన్నాడు.

రెండో ఇంట్లో కోడలికి గొంతు నొప్పి, కాగబెట్టిన నీళ్ళే తాగుతోందన్నారు. మూడో ఇంటావిడ ఈ వారమంతా ఊళ్ళోనే లేమంది. ఆమె రోజూ ముగ్గు వేయడం నా డైరీలో ఉంది గాని ఆ పొద్దు దాన్ని వాడదలచుకోలేదు. మేష్టారు, తనకి ధ్యానంలో నీళ్ళ అవసరం తగ్గిందన్నారు. ఇంకో ఇంట్లో చుట్టాలు వెళ్ళిపోయారు, మరో ఇంట్లో క్యాన్ ఎత్తడానికి నడుము పడటం లేదు. కారణాలు రకరకాలు. ఒక్క విషయంలో మాత్రం వీధి అంతా ఒకే మాట మీద ఉంది: ఆ తిట్టు వల్ల మానుకున్నవాళ్ళు ఎవరూ లేరు. క్షమాపణ చెబుదామని పోయిన నాకు దాన్ని తీసుకునే మనిషి దొరకలేదు. కొందరు నా చెయ్యి పట్టుకుని, మీరు మనసులో పెట్టుకోవద్దన్నారు. ఒకాయన, "రాసినది మాత్రం భలే ఉండింది సార్" అన్నాడు. ఆ ఇంటి ముందు అవసరానికి మించి కొంచెంసేపు నిలబడ్డానని ఒప్పుకోవాలి. నీళ్ళాయన బండి హ్యాండిలు పట్టుకుని నాకోసం ఆగాడు.

కారణం చెప్పినవాళ్ళలో కొందరు, చెప్పడం అయ్యాక, సరే ఒకటి దించమన్నారు. ఎండాకాలం, పైగా బండి గుమ్మంలోనే ఉంది. మిగతావాళ్ళు రేపు చూద్దామన్నారు. ఆటో ఆయన ఇంటి దగ్గర ఆయన భార్య వచ్చి క్యాన్ తనే దించుకుని లోపలికి తీసుకుపోయింది. ఆటో ఆయన బయటికి రాలేదు.

వీధి చివర బండి ఆపి నీళ్ళాయన నుదురు తుడుచుకున్నాడు. ముప్ఫై ఒక్క ఇళ్ళలో తొమ్మిది ఇళ్ళు తీసుకున్నాయని, మా ఇంటితో కలిపి పది అని చెప్పాను. దాంతో మోటారు రోజుకి ఒక పూట ఆడుతుందన్నాడు. ఒక పూట ఆడితే మిషను అమ్మనక్కర లేదా అని అడిగాను. ఒక పూట చాలదు గాని ఇప్పుడే అమ్మనన్నాడు.

నాకు తోచింది కూడా చెప్పాను. "ఇంతమందిలో ఒక్కరూ నా మాట వల్ల మానుకున్నామనలేదు."

"అట్లయితే ఎవరివల్ల మానుకున్నట్టు సార్?" అని అడిగాడు.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను అడిగినవాళ్ళందరి జవాబులూ వరసగా గుర్తు చేసుకున్నాను. గొంతు నొప్పి, ఫిల్టరు, చుట్టాలు, నడుము. ఎదురింట్లో ఊడుస్తున్నావిడ కూడా చీపురు ఆపి వింటోంది.

"నావల్లే" అన్నాను.

ఆయన తల ఊపాడు. ఊడుస్తున్నావిడ చీపురు గోడకి ఆనించి, మా దగ్గరికి వచ్చి, నిన్న తను అన్నది మాత్రం మనసులో పెట్టుకోవద్దని నీళ్ళాయనతో అంది. నిన్న ఏమందో నాకు తెలియదు. ఆమె ఒక క్యాన్ తీసుకుంది.

"పక్క వీధి గూడా ఉండాది సార్. ఆడికీ పోయింది మాట" అన్నాడు ఆయన, బండి తిప్పుతూ. అక్కడ మెరక ఎక్కువ. నేను వెనక నుంచి తోశాను.